ఏ నీళ్లు ఎవరివి

గురువారం రాత్రి, బారో ఊళ్లో,
చేపలు వేయించే దుకాణం మేడమీద
నా ఇనుప యోధుణ్ణి మళ్లీ ముక్కలు చేశాడు కోల్బెక్.
ఓడల కార్ఖానాలో వెల్డరు. వేళ్ల నిండా కాలిన మచ్చలు.
పాచికల్ని మాత్రం
నిద్రపోయిన పసిపిల్లను దించినట్టు దించుతాడు.

నా యోధుడి దగ్గర లేనిది లేదు.
దూరానికి క్షిపణులు, నడిమికి ఫిరంగి,
దగ్గరికి లేజర్లు, మరీ మీదికొస్తే మెషీన్ గన్.
తీరా చూస్తే ఏ గడిలో నిలబడ్డా
సగం ఆయుధాలు నిద్రలో ఉంటాయి.
వాటి బరువు మాత్రం మెలకువగానే ఉంటుంది.
అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని.

అతనివి ఎనిమిది లేజర్లు.
ఒకే దూరం, ఒకే వేడి, ఒకే లెక్క.
"నీది కలగూరగంప, థర్జా" అన్నాడు
చిప్స్ మీద వెనిగర్ చల్లుకుంటూ.

ఇంటికొచ్చి ముత్తాత నోటు పుస్తకం తీశాను.
జేబెజ్ ఆస్క్యూ, ఇరవై రెండేళ్లు.
తెరచాప లేని తెరచాపకొయ్య కొసన
మెడలో బైనాక్యులర్స్‌తో కూర్చుని
గుళ్లు ఎక్కడ పడ్డాయో చెప్పడం ఉద్యోగం.

కింద యుద్ధనౌక నిండా ఫిరంగులు.
పన్నెండంగుళాలవి నాలుగు, తొమ్మిదివి నాలుగు,
ఆరంగుళాలవి పది.
ఎవరి గోల వాళ్లది.
దూరాన ఇంకో ఓడ లాగుతున్న గుడ్డ గురి చుట్టూ
సముద్రం తెల్లగా లేచి నిలబడేది,
గుండుకో నీటిస్తంభం.
ఆ పక్కన పొట్టిగా ఉన్నది
చిన్న గుండు లేపిన నీళ్లా,
పెద్ద గుండు లేపి కూలుతున్న నీళ్లా?
పెంచమని ఎవరికి చెప్పాలి?
తగ్గించమని ఎవరికి?

పెన్సిలు రాత, ఉప్పు తిన్న కాగితం:
"మూడు ఇవతల పడ్డాయి. ఎవరివో తెలియలేదు.
రెండు అవతల. తెలియలేదు.
పడమటి గాలి. టీ చల్లారింది. తెలియలేదు."

అంత ఎత్తున ఒంటరిగా కూర్చున్నవాడు
ఏదో ఒక అంకె వేసేస్తే పట్టుకునేదెవరు?
పద్నాలుగు పేజీలు తిప్పాను.
వెయ్యలేదు.

తర్వాత ఆయన్ని కొత్త ఓడకు మార్చారు.
పది ఫిరంగులు, పదీ పన్నెండంగుళాలవే.
ఒకే మాట, ఒకే బాణం.
ఆ రోజు అక్షరాలు కూడా నిటారుగా ఉన్నాయి:
"నాలుగూ ఇవతలే పడ్డాయి. రెండొందల గజాలు పెంచమన్నాను.
ఈసారి గురికి అటు రెండు, ఇటు రెండు.
నా గొంతు నాకే కొత్తగా ఉంది."

దాని వెనక పేజీ ఎవరూ చదవలేదనుకుంటాను,
అతుక్కుపోయి ఉంది. కత్తి మొనతో విడదీశాను.
"రాత్రి కసరత్తు. దీపాలు ఆర్పేసిన టార్పెడో పడవ ఒకటి
పెద్ద ఫిరంగులు తల వంచలేనంత దగ్గరికి వచ్చేసింది.
చిన్న తుపాకుల దగ్గరికి మనవాళ్లు పరిగెత్తేలోపే
ఆ పడవ వంటవాడు గరిటె ఊపాడు.
మనం మునిగినట్టు అంపైరు రాసుకున్నాడు."
పిచ్చుక వచ్చి వాలితే
చేతిలో ఉన్నవన్నీ బ్రహ్మాస్త్రాలే.

తర్వాతి గురువారం నేనూ ఎనిమిది లేజర్లు పెట్టాను.
గెలిచాను. ఆపై వారమూ గెలిచాను.
మూడో వారం కోల్బెక్
అగ్గిపెట్టంత బుల్లి యోధుణ్ణి జేబులోంచి తీసి
నా వెనక గడిలో నిలబెట్టి, ఏమీ అనకుండా
తన చిప్స్ నా వైపు జరిపాడు.

ఒక లేజరు పీకేశాను.
ఆ చోట పాత మెషీన్ గన్ అతికించాను.
పదకొండు వారాలైంది, అది ఒక్కసారీ పేలలేదు.
అర టన్ను దండగ మోత ఎందుకంటాడు కోల్బెక్,
బుల్లివాణ్ణి మాత్రం మళ్లీ తీసుకురాలేదు.
భయపడ్డాడా, మరిచిపోయాడా,
ఇంట్లో పిల్లలెవరైనా పారేశారా?

నేనూ ఒక నోటు పుస్తకం కొన్నాను.
నిన్నటి పేజీ:
ఓడిపోయాను, రెండు గళ్ల తేడాతో.
మెషీన్ గన్ పేలలేదు. ఎందుకో తెలియలేదు.
వాన. చిప్స్‌లో ఉప్పెక్కువ.